నేను పొడిచిన నాలుగు చిల్లులు

అది కొట్టెయ్యకమ్మా, ఉండనీ. తప్పు తాతయ్యదే అన్న మాట మొదట్లోనే ఉండాలి. చుట్టూ తిప్పి చెబితే వినేవాడు సగంలోనే లేచిపోతాడు. నేను ఎంత నిదానంగా చెబుతానో అంత నిదానంగా రాయి. నా మాటని బాగుచెయ్యకు.

నలభై ఏళ్లు తాపీ పట్టినవాణ్ణి. చదువంటావా, మూడో తరగతి దాటలేదు. కట్టిన ప్రతి ఇంట్లో, ప్రతి గదిలో, పైకప్పుకి జానెడు కింద బొటనవేలు దూరేంత చిల్లు ఒకటి వదిలేవాణ్ణి. నాకు పని నేర్పిన మేస్త్రీ అలాగే చేసేవాడు. ఇల్లన్నాక ఊపిరి తీసుకోవాలిరా, లేకపోతే లోపలివాళ్లకి రోగాలొస్తాయి అనేవాడు. చిల్లు లేని గది నేను కట్టి ఎరగను.

మీ అమ్మా నాన్నా ఈ ఇల్లు మొదలుపెట్టినప్పుడు దీనికి గ్రీన్ సర్టిఫికెట్టు రావాలన్నారు. కరెంటు తక్కువ కాలాలి, వాన నీళ్లు పట్టుకోవాలి, పాత ఇటుకే మళ్లీ వాడాలి. అంతవరకు నాకూ నచ్చింది. ఆ పాత ఇటుకలన్నీ కూర్చుని గీకింది నేనే కదా. తర్వాత ఇంజనీరమ్మ వచ్చి ఇంట్లోకి గాలి చొరబడకూడదంది. గోడకి లోపలివైపు పల్చటి పొర వేసి, అతుకుల మీద టేపు అంటించి, ఇల్లంతా సీసాలా మూసేస్తారట. మంచి గాలికి వేరే మిషను పెడతారట.

"ఇల్లు కడుతున్నారా, డబ్బా కడుతున్నారా అల్లుడుగారూ?" అన్నాను మీ నాన్నతో.

ఆయన నవ్వి, ఆ లెక్కలు వాళ్లు చూసుకుంటార్లెండి మావయ్యగారూ, అన్నాడు.

ఆ టేపు అంటించడానికి వచ్చినవాణ్ణి అందరూ జిగురు అనే పిలిచేవారు. అసలు పేరు వాళ్లావిడ కూడా మరిచిపోయిందని తనే చెప్పేవాడు. అంటించిన ప్రతి అతుకునీ అరచేత్తో రుద్ది, చెవి ఆనించి వినేవాడు. గోడతో ఏం ముచ్చట్లయ్యా అని నేను ఏడిపిస్తే, మా ఆవిడకన్నా ఇదే నయం బాబాయ్, ఎదురు చెప్పదు అనేవాడు. మధ్యాహ్నం ఇద్దరం ఇసుక కుప్ప మీద కూర్చుని, డబ్బాలు విప్పుకుని తినేవాళ్లం.

ఒక ఆదివారం పనివాళ్లెవరూ లేరు. డ్రిల్లు తీసుకున్నాను. నాలుగు గదుల్లో నాలుగు చిల్లులు పొడిచాను, మన జిగురు వేసిన పొరలోంచే. బయట వైపు జాలీ ముక్క పెట్టి, చుట్టూ పూత పూశాను. మర్నాడు పైకప్పు దాకా గోడ బీరువాలు బిగించారు, లోపలివైపు చెక్క వెనక దాగిపోయాయి. నీకు ఆయాసం కదా. మూసేసిన గదిలో నువ్వు పడుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. నీ మీదికి నెడుతున్నాననుకోకు. అప్పుడు నా మనసులో ఉన్నది చెబుతున్నాను, అంతే.

రాశావా? సరే.

పరీక్ష రోజు వీధి తలుపు చట్రానికి గుడ్డ బిగించి, దాని మధ్యలో పెద్ద ఫ్యాను పెట్టారు. ఇంట్లో గాలి లాగేస్తే, సందుల్లోంచి ఎంత గాలి లోపలికి వస్తుందో మిషను చెబుతుంది. పరీక్ష చేసేవాడు అంకె చూసి తల అడ్డంగా ఊపాడు. కొద్దిలో పోయింది.

ఆ తర్వాత రెండు రోజులు జిగురు పొగపుల్ల పట్టుకుని, గాలికి పొగ ఎక్కడ వంగుతుందో చూస్తూ అతుకు అతుకు దగ్గరా తిరిగాడు. మోకాళ్ల మీద పాకాడు. బాగున్న టేపులు కూడా తనే పీకి, మళ్లీ అంటించాడు. బీరువాల వెనక ఎవరు చూస్తారు? రెండో రోజు సాయంత్రం నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"బాబాయ్, నా అతుకుల్లో లేదు. ఎవరైనా గోడని ముట్టుకున్నారా? నీకు తెలియకుండా ఇక్కడికి చీమ కూడా రాదు కదా."

"నాకేం తెలుసయ్యా? నీ పని నువ్వే సరిగ్గా చూసుకోవాలి," అన్నాను.

మొదటి ముక్క అబద్ధం. రెండో ముక్క ఎందుకన్నానో ఇప్పటికీ నాకే తెలియదమ్మా. అది కూడా రాయి.

రెండోసారీ అదే అంకె వచ్చింది. ఇంజనీరమ్మ గొంతు పెంచలేదు. రేపట్నుంచి రానక్కర్లేదని అతనితో చెప్పి, వేరేవాళ్లకి ఫోన్ చేసింది. అతను టేపు చుట్టలు సంచిలో వేసుకుని, వస్తా బాబాయ్ అన్నాడు. నేను తల ఊపాను.

అప్పుడు నాకు భయం పట్టుకుంది. ఇక సర్టిఫికెట్టు రాదేమో, మీ అమ్మ ముందు తలెత్తుకోలేనేమో అని. కొత్తవాళ్ల పరీక్షకి ముందు రోజు అందరూ భోజనానికి వెళ్లినప్పుడు బీరువాల వెనక చెక్కలు ఊడదీశాను. నాలుగు చిల్లుల్లోనూ సిమెంటు కూరి, పైన జిగురు మరిచి వెళ్లిన ఒక చుట్టలోని టేపే అంటించాను. పరీక్ష గట్టెక్కింది. అందరూ కొత్తవాళ్లతో చెయ్యి కలిపి మెచ్చుకున్నారు. చూశారా, మొదటివాడి పనిలోనే ఉంది లోపం అన్నాడు మీ నాన్న. నేను పక్కనే ఉన్నాను.

చిల్లులు పొడిచినప్పుడు తెలియక పొడిచాను. మూసినప్పుడు అంతా తెలిసే మూశాను. నేను మూయబట్టే కదా తప్పు అతని నెత్తిన ఖాయమైంది.

ఇప్పుడతన్ని ఇలాంటి ఇళ్ల పనికి ఎవరూ పిలవడం లేదు. సిమెంటు కొట్టులో బస్తాలు మోస్తున్నాడు. పోయిన వారం అటు వెళ్తే నన్ను చూసి పరుగున వచ్చి కుర్చీ వేశాడు. పాపకి ఆయాసం తగ్గిందా బాబాయ్ అని అడిగాడు. తగ్గిందన్నాను. నిజంగానే తగ్గింది కదమ్మా, ఆ మిషను గాలికి. చెబుదామనే వెళ్లాను. కుర్చీలో కూర్చున్నాక సిమెంటు ధర అడిగి వచ్చేశాను.

పొద్దున నీ గదిలో బీరువా వెనక చెక్క ఊడదీసి పెట్టాను. మళ్లీ బిగించొద్దని మీ నాన్నతో చెప్పు. ఇంజనీరమ్మ వచ్చి నా సిమెంటు ముక్కని తన కళ్లతో చూడాలి. మీ నాన్న కోప్పడతాడు, పడనీ.

నేను వెళితే మళ్లీ కుర్చీ వేస్తాడు, మళ్లీ నేను సిమెంటు ధర అడిగి వచ్చేస్తాను. అందుకే నువ్వు వెళ్లాలి. ఇంజనీరమ్మని వెంటబెట్టుకుని ఆ కొట్టుకి వెళ్లు. ఆవిడ పక్కనుండగా, అక్కడి పనివాళ్లందరికీ వినపడేలా, ఇది జిగురుకి చదివి వినిపించు. చాలమ్మా అంటాడు, అతని సంగతి నాకు తెలుసు. ఆపకు, చివరిదాకా చదువు.