సోమ్లవ్వ ఎక్కే బండి

మా ఆయన నిరంజన్ ఆ బండిని నెత్తిన పెట్టుకుని చూసుకున్నాడు. ఎండ తగలకుండా దుప్పటి, వాన తగలకుండా పరదా. ఇంట్లో కూలర్ పాడై రెండు ఎండాకాలాలు గడిచినా దాన్ని బాగు చేయించడానికి మాత్రం ఆయనకు తీరిక దొరకలేదు. ఫోన్లో ఎవరెవరో మంచుకొండల మీద బండ్లు నడిపే వీడియోలు చూసి చూసి, మూడేళ్ళ కింద ఒకరోజు జనగామ పోయి దాన్ని కొనుక్కొచ్చాడు. ఎత్తైన సీటు, ముందు గాలి అద్దం, వెనక సామాన్లు కట్టుకునే ఇనుప చట్రం. దానికి తోడు ఒక లావుపాటి కోటు. లడాఖ్ పోతానన్నాడు. బచ్చన్నపేట నుంచి జనగామ దాకా పోయాడు, ఒకసారి యాదగిరిగుట్ట దాకా పోయాడు. అంతకంటే దూరం పోవాలంటే ఎరువుల దుకాణం ఎవరు చూస్తారు?

నేను దాని మీద కూర్చున్నది ఒకేసారి. కొత్తలోనే దాని చీర గార్డును ఊడదీయించాడాయన. చక్రంలో చీర పడకుండా అడ్డం ఉండే ఇనుప చట్రం, దాని కింద ఆడవాళ్ళు కాళ్ళు పెట్టుకునే మెట్టు, రెండూ కలిసే ఉంటాయి. "గది ఉంటే పాల క్యాన్ల బండి లెక్క కొడ్తది" అన్నాడు. సరే అని ఎక్కాను. కాళ్ళు గాలిలో వేలాడుతుంటే, ఒక చేత్తో కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో ప్రాణం పట్టుకుని బస్టాండు దాకా పోయి, అక్కడ దిగి ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. ఆ కోపంలోనే ఆ గార్డును తీసుకుపోయి పెరట్లో బీరపాదుకు ఆసరాగా పాతాను. నాకు పనికిరాని ఇనుము బీరకాయలకైనా పనికొస్తుంది కదా!

నేను బడిలో సోషల్ చెప్తాను. గోదావరి ఎక్కడ పుట్టిందో, వింధ్య పర్వతాలు ఎటు ఉన్నాయో ఏటా గోడ మీది పటంలో బెత్తంతో చూపిస్తాను. నేను చూసిన ఊళ్ళు లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు.

ఈ ఏడు ఆయనకు నడుం నొప్పి పట్టుకుంది. ఎత్తు బండి తగ్గించమన్నాడు డాక్టరు. అమ్మడానికి మనసొప్పక కొన్నాళ్ళు గొణిగి, చివరికి బండి ఫోటో ఫోన్లో పెట్టాడు. గూడూరు నుంచి ఒకామె ఫోన్ చేసింది. పేరు కవిత, ఫారెస్టులో బీట్ ఆఫీసర్. తన దగ్గర పాతబడిన టూరింగ్ బండి ఉందట, సీటు తక్కువ ఎత్తట. అది ఇచ్చి, మీద కొంత సొమ్ము ఇచ్చి, మా బండి తీసుకుంటానంది. ఎత్తు తక్కువ అనేసరికి ఈయన నడుం ముందుగా ఒప్పుకుంది, తర్వాత ఈయన ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున వాళ్ళు వచ్చారు. బండి నడిపేది కవిత కాదు, ఆమె భర్తో తమ్ముడో అయి ఉంటాడనుకున్నాను నేను. గేటు తీసి నోరెళ్ళబెట్టాను. పొడుగ్గా, నేలకు దగ్గరగా ఉన్న బండిని ముప్పై అయిదేళ్ళ మనిషి ఒక కాలు ఆనించి ఆపింది. ఆమె వెనక, అద్దాలు కుట్టిన లంబాడ లంగా, రవికె, చేతుల నిండా తెల్లటి గాజులతో ఒక ముసలమ్మ పక్కకు తిరిగి కూర్చుని ఉంది. హెల్మెట్ కింద నుంచి చెంపల మీది వెండి మువ్వలు వేలాడుతున్నాయి. రెండు కాళ్ళూ మెట్టు మీద కుదురుగా పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. దేన్నీ పట్టుకోలేదు. మా ఇంట్లో సోఫా మీద కూడా ఎవరూ అంత నిశ్చింతగా కూర్చోరు.

"నమస్తే అక్కా. కవితను. గీమె మా యాడి, సోమ్లి. బండి సూసేది గీమెనే" అంది కవిత. వాళ్ళ మాటలో యాడి అంటే అమ్మ.

"నేను గద ఎక్కేది బిడ్డా, నేనే సూడాలె" అంటూ సోమ్లవ్వ మెట్టు మీద బరువు మోపి దిగింది. మోకాలు పట్టేసినట్టుంది, కాసేపు బండిని పట్టుకుని నిలబడింది.

చాయ్ తాగుతూ చెప్పారు సంగతి. కవితకు నౌకరీ వస్తే ఏటా శ్రీరామనవమికి పోహరాగఢ్ వచ్చి సేవాలాల్ మహరాజ్‌కు దండం పెట్టుకుంటానని సోమ్లవ్వ మొక్కుకుంది. మహారాష్ట్రలో ఉంది పోహరా. లంబాడోళ్ళకు అంతకంటే పెద్ద యాత్ర లేదు. నౌకరీ వచ్చింది. కానీ సోమ్లవ్వకు బస్సు పడదు, కారు పడదు. తలుపు మూస్తే చాలు, కడుపులో పేగులు బయటికొస్తాయి. అందుకని మొదటి జీతాలతో కవిత ఈ బండి కొంది. అప్పట్నుంచి ప్రతి నవమికీ తల్లీకూతుళ్ళు దీని మీదే పోయి వస్తున్నారు. మధ్యలో మేడారం, భద్రాచలం, శ్రీశైలం కూడా చూశారట.

"శ్రీశైలం అడివిల మంచిగుంటది బిడ్డా. సల్లగ. నువ్ సూసినవ్ గద?" అని నన్నడిగింది సోమ్లవ్వ.

"సూసిన పటంల" అన్నాను. ఆమె నవ్వింది. నాకు మాత్రం లోపల ఎక్కడో మండింది.

పోయినేడు నిర్మల్ దాటినంక ఘాట్ మీద పాత బండి పొగలు కక్కి ఆగిపోయిందట. కవిత బండి నెట్టుకుంటూ, సోమ్లవ్వ పక్కన నడుస్తూ గుట్ట ఎక్కారట. "అప్పటి సంది యాడికి మోకాలు నొస్తున్నది అక్కా. ఈ బండి మల్ల ఘాట్ ఎక్కది. మల్ల నడిస్తె యాడి ఎక్కది. నవమి దగ్గరికొచ్చింది. మీ బండి కుదిరితె పోతం, లేకుంటె ఈ యేడు మొక్కు తప్పినట్టే."

కవిత లేచి మా బండిని చుట్టూ చూసింది. గొలుసు వేలితో నొక్కింది, టైర్ల గీతలు తడిమింది. తర్వాత తాళం తీసుకుని జనగామ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చింది. హెల్మెట్ తీస్తే మొహం వెలిగిపోతోంది. మూడేళ్ళలో ఆ బండి అంత చప్పుడు చేసి నడవడం మేమెప్పుడూ వినలేదు. "మస్తుందన్నా! ఘాట్ మీద గిది ఆగుతదా? ఎగిరినట్టె పోతది" అంది. నిరంజన్ తన కొడుకును పొగిడినట్టు పొంగిపోయాడు.

ఇక సోమ్లవ్వ వంతు. ఆమె సీటు మీద చెయ్యి వేసింది. కాలు ఎత్తింది. కాలు పెట్టడానికి చోటు లేదు. నేను లోపల్నుంచి స్టూలు తెచ్చి వేశాను. స్టూలెక్కి, కూతురి భుజం పట్టుకుని ఎలాగో కూర్చుంది. కాళ్ళు గాలిలో వేలాడాయి. నొప్పి కాలు బరువుకు కిందికి లాగుతుంటే ఆమె పళ్ళు బిగపట్టింది. లంగా అంచు చక్రం దగ్గర ఊగుతోంది. బండి కదలకముందే ఆమె చేతులు రెండూ వెనక చట్రాన్ని గట్టిగా పట్టుకున్నాయి. ఆ చేతులు చూస్తే నాకు నా బస్టాండు ప్రయాణం గుర్తొచ్చింది.

దిగి, కూతురితో వాళ్ళ భాషలో మెల్లగా ఏదో అంది. కవిత తల అడ్డంగా ఊపింది. సోమ్లవ్వ మా వైపు తిరిగి తెలుగులో అంది. "బండి బంగారం లెక్కున్నది. తీస్కొమ్మంటున్న. అడివిల డ్యూటీకి పనికొస్తది. నేను ఈ యేడు పోకుంటె ఏమైతది? సేవాలాల్‌కు తెల్వదా నా మోకాలు?"

కవిత ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఇంతకుముందు మొహం అంత వెలిగిన మనిషి, తాళం తెచ్చి నిరంజన్ చేతిలో పెట్టింది. "యాడి ఎక్కని బండి నాకెందుకన్నా? ఏమనుకోకుర్రి. మీకు పొద్దుపొద్దున తకలీఫ్ ఇచ్చినం." బేరం తగ్గించడానికి మొహం ముడుచుకోలేదు, మా బండికి వంక పెట్టలేదు. వెనక్కి తిరిగి ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు. పాత బండి దగ్గరికి పోయి తల్లి హెల్మెట్ తుడుస్తోంది. ఇంత మనసున్న మనిషిని నేను ఈమధ్య చూడలేదు.

నేను పెరట్లోకి పరుగెత్తాను. బీరపాదు పూత మీద ఉంది. ఆ పూతను చూస్తే నాకు నిజంగానే ప్రాణం ఉసూరుమంది. అయినా రెండు చేతులతో గార్డు పట్టుకుని ఊపి ఊపి లాగాను. తీగ సగం తెగి, సగం గార్డుతోపాటే వచ్చింది. మట్టి, ఆకులు, పూలు అన్నీ ఈడ్చుకుంటూ వాకిట్లోకి తెచ్చి పడేశాను.

"గిదేంది?" అన్నాడు నిరంజన్.

"చీర గార్డు. నీ బండిదే. పెట్టు."

ఆయన మొహం మాడిపోయింది. "గా తుప్పుదా? నా బండికి గది పెట్టనియ్య. ఇంకెవలన్న కొంటరు తియ్. బండి సూరత్ కరాబైతది, అందం పోతది."

ఇక నేను ఆగలేదు. వచ్చినవాళ్ళ ముందు మొగుణ్ణి అనకూడదని మా అమ్మ నేర్పిన మాట ఆ పూట గాలికి పోయింది. "సూరత్ సూస్కుంట మూడేండ్లు దుప్పటి కప్పినవ్. లడాఖ్ పోయినవా? పోనీ శ్రీశైలం పోయినవా? ఒక్కనాడన్న నన్ను ఎక్కిచ్చుకొని ఏ ఊరికన్న తీస్కపోయినవా? గామె గీ వయసుల ఘాట్ నడిచి ఎక్కింది. నీ బండికి గామె కాలు పెట్టుకునే జాగ లేదా?"

సోమ్లవ్వ నా దగ్గరికొచ్చి నా చేతికంటిన మట్టి తన ఓణీ అంచుతో తుడిచింది. "నిన్ను ఎటూ తీస్కపోలేదా బిడ్డా? గింత మంచి బండి ఇంట్ల పెట్టుకొని?" అని అడిగింది. ఎగతాళి లేదు ఆ గొంతులో. ఆమెకు నిజంగానే అది అర్థం కాలేదు. నేను ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను.

నిరంజన్ ఇంట్లోకి పోయాడు. అలిగి పోయాడనుకున్నాను. కాసేపటికి ఒక బిస్కెట్ డబ్బా పట్టుకొచ్చి, అందులోంచి నాలుగు బోల్టులు ఏరి అరచేతిలో పెట్టుకుని కవిత ముందు నిలబడ్డాడు. ఏదీ పారెయ్యని మనిషి, గార్డు బోల్టులు కూడా దాచిపెట్టాడు. "వంగితె నడుం నొస్తది నాకు. నువ్ బిగియ్యి చెల్లె, నేను పట్టుకుంట" అన్నాడు. ఆయన మీద నాకున్న కోపంలో సగం అక్కడే పోయింది.

కవిత తన సంచిలోంచి పానాలు తీసింది. గార్డుకు చుట్టుకున్న తీగను తీసేయబోతే సోమ్లవ్వ ఆపింది. "ఉండనీ. పూతతోటి వచ్చింది, తెంపద్దు."

బిగించడం అయ్యాక సోమ్లవ్వ మెట్టు మీద కాలు మోపింది. కూతురి భుజం పట్టుకుని లేచి, పక్కకు తిరిగి కూర్చుంది. ఒకసారి ఇటు జరిగింది, ఒకసారి అటు జరిగింది. కవిత బండి తీసింది. నేను గేటు దాకా పోయి చూశాను. రోడ్డు మలుపు తిరిగేటప్పుడు సోమ్లవ్వ చేతులు చట్రం మీదే ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి.

ఆమె దిగి పాత బండి దగ్గరికి పోయింది. హ్యాండిల్‌కు కట్టి ఉన్న గవ్వల కుచ్చు విప్పి, తెచ్చి కొత్తదానికి కట్టింది. బేరం కుదిరింది. సీటు మీద తన చేతితో కుట్టిన రంగుల బొంత మాత్రం పాత బండికే వదిలేసింది. "గిది నీకు బిడ్డా. దాని మీద కూసుంటె నడుం నొయ్యది. కొత్తదానికి నేను కొత్తది కుడ్త."

కాగితాల పని ఆ వారంలోనే అయిపోయింది. పాత బండిని నిరంజన్ మెకానిక్‌కు చూపించి బాగు చేయించాడు. దుకాణానికి పోయి రావడానికి వాడుకుందామనుకున్నాడు. నాకు బడి సెలవున్న రోజు కూడా ఎరువుల బస్తాల దగ్గరికే పోయాడు.

శ్రీరామనవమి మధ్యాహ్నం పులిహోర తిని కూర్చుంటే నా ఫోన్‌కు ఫోటో వచ్చింది. పోహరాగఢ్. జనం మధ్య మా బండి, కాదు, సోమ్లవ్వ బండి. దాని మీద పక్కకు తిరిగి కూర్చుని, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని ఆమె నవ్వుతోంది. గార్డుకు బీరతీగ ఎండిపోయి ఇంకా చుట్టుకునే ఉంది. ఫోటో కింద కవిత రాసింది: ఘాట్ మీద ఒక్కసారి కూడా ఆగలేదక్కా, నువ్వెప్పుడు పోతున్నవ్ అని యాడి అడుగుతున్నది.

నేను లేచి చెప్పులు తొడుక్కుని వాకిట్లోకి పోయాను. పాత బండి మెట్టు మీద కాలు మోపి, ఆ రంగుల బొంత మీద పక్కకు తిరిగి కూర్చున్నాను.

నిరంజన్ బయటికొచ్చి చూశాడు. "ఎటు?"

"రేగొండ. మా ఎల్లక్క ఇంటికి."

"గంత దూరమా? బస్సుల పోవద్దా?"

"వద్దు. బండి తియ్యి."

నన్ను ఒకసారి, నా చేతిలోని ఫోన్లో ఫోటోను ఒకసారి చూశాడు. లోపలికి పోయి కూర్చుంటాడనుకున్నాను. నిజంగానే లోపలికి పోయాడు. మూడేళ్ళుగా బీరువాలో మడత నలగని ఆ లడాఖ్ కోటు తొడుక్కుని వచ్చాడు. చైత్రమాసపు ఎండలో ఆ కోటేమిటని నేను పగలబడి నవ్వితే, తనూ నవ్వి, దాన్ని తీసి నా ఒళ్ళో పెట్టాడు.

బండి మెల్లగానే పోతుంది, ఆగకుండా పోతుంది. కాళ్ళ కింద మెట్టు సోమ్లవ్వ పాదాలకు అరిగి నున్నగా ఉంది. జనగామ దాకా వెనక కమ్మీ గట్టిగా పట్టుకునే ఉన్నాను. జనగామ దాటి వరంగల్ రోడ్డు ఎక్కాక, ఎప్పుడు వదిలానో నాకే తెలియదు, చూసేసరికి నా చేతులు రెండూ ఒళ్ళో కోటు మీద ఉన్నాయి.

"ప్రేమా, పట్టుకున్నవా?" అని అరిచాడు గాలిలో.

"నువ్ రోడ్డు సూసి నడుపు" అన్నాను.