ఊరికే పిలిచినప్పుడు

దర్జీ అక్క పొద్దున్నే మిషన్ ముందు కూర్చుందంటే కాళ్ళతో పాటు నోరూ ఆడుతూనే ఉండేది. దారం తెగితే "ప్రభువా". కాలరు వంకరపోతే "యేసయ్యా, ఇదేం పీడ". కరెంటు పోతే "ఓరి దేవుడా".

అన్నప్పుడల్లా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. అరచేతుల్లో పాత మేకుల మచ్చలు. ఎంత దూరం నుంచి వచ్చేవాడో, కాస్త ఆయాసపడుతుండేవాడు.

"పిలిచావామ్మా?"

"లేదయ్యా, ఊరికే అన్నాను. నోటికి అలవాటు" అనేది తలెత్తకుండానే. ఆయన తలూపి వెళ్ళిపోయేవాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు పక్కకి జరిగి దారి ఇచ్చేవాళ్ళు.

"రోజుకి పాతికసార్లు తిప్పుతున్నావు, ఆయన కాళ్ళేం కావాలి?" అంది ఒకసారి ఎదురింటి టీచరమ్మ.

"నేను రమ్మన్నానా ఏంటి? వస్తున్నాడు, పోతున్నాడు" అని నవ్వేసింది దర్జీ అక్క.

బడులు తెరిచే వారంలో, గోడలకి రంగులేసే ఆమె మరిది, చెల్లెలి మొగుడు, నిచ్చెన మీంచి పడ్డాడు. చెల్లెలు ఆసుపత్రి నుంచి కబురు పంపింది. ఒప్పుకున్న నాలుగు యూనిఫారాలు ముగించి సాయంత్రం వెళ్దామనుకుంది దర్జీ అక్క. మధ్యాహ్నం మూడింటప్పుడు చేతిలోంచి గుండీ జారి బీరువా కిందికి దొర్లిపోయింది. "దేవుడా, దేవుడా" అని గొణుక్కుంటూ నేలమీద వంగింది.

ఆ రోజు ఆయన గుమ్మంలో ఆగలేదు. గబగబా లోపలికొచ్చేశాడు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదయ్యా. గుండీ పడిపోయింది."

ఆయన ఒక్క క్షణం ఆమెను చూసి, వెనక్కి తిరిగి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం ఆమె వెళ్ళేసరికి మరిది మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. చెల్లెలు బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"పిలిచానక్కా. వచ్చాడు. నీ మరిది చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. మొహంలోకి కళ వచ్చింది, కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగారు. అంతలో ఆయన లేచాడు. 'మీ అక్క రెండుసార్లు పిలిచింది. పెద్ద ఆపదేమో' అన్నాడు. వెళ్ళమని నేనే అన్నాను. ఇక్కడ తేరుకుంటున్నారు కదా, నీకేమైందోనని భయమేసింది. ఆయన తిరిగొచ్చేలోపే అయిపోయింది."

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని పైనుంచి కిందదాకా తడిమి చూసింది, దెబ్బలేమైనా తగిలాయా అన్నట్టు.

"నీకేమైందక్కా?"

దర్జీ అక్క నోరు తెరిచింది. ప్రభువా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వార్డులో ఇంకా పదకొండు మంచాలున్నాయి. చివరి మంచం పక్కన ఆయన ఎవరి చెయ్యో పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.