వెనక సీటుకి వినపడాలి

నేను ఒక ఆంప్లిఫయర్‌ని. పేరు పెద్దదైనా పెట్టె చిన్నదే. మైకులో పడ్డ మాటను పట్టుకుని, పదింతలు చేసి, స్పీకర్లలోంచి బయటికి నెట్టడం నా ఉద్యోగం. కరెంటు లేని చోట కూడా బ్యాటరీ మీద పనిచేసేలా కాకినాడలో ఒక మేస్త్రీ నన్ను తయారుచేశాడు. రాగితీగ చుట్టి, టంకం పెట్టి, మూత బిగించి, మైకు ముందు ఒక్క చిటిక వేశాడు. వీధి చివర పడుకున్న కుక్క లేచి పరుగు పుచ్చుకుంది. మేస్త్రీ తృప్తిగా తలూపాడు. గట్టిగా అరవడమే గొప్పని నాకు పుట్టిన రోజే నూరిపోశారన్నమాట.

మొదట ఒక సినిమాహాలు వాళ్ల ప్రచారపు రిక్షా ఎక్కాను. వారం వారం మారే ప్రతి సినిమానూ ఇంతకుముందెన్నడూ రానంత గొప్ప సినిమా అని చాటాను. తర్వాత ఎన్నికల జీపులో తిరిగాను. పొద్దున ఒకాయన దేవుడు, సాయంత్రం ఆయన మీద పోటీ చేస్తున్నాయన దేవుడు. జీపు అదే, డ్రైవరు అతనే, గొంతు కూడా అదే. జెండా ఒక్కటే మార్చారు. ఆపైన ఒక ఉల్లిపాయల ఆటోలో చేరాను. నేను చేసిన ప్రచారాల్లో అబద్ధం లేనిది అదొక్కటే. ఇన్ని చోట్లా, కుడివైపు తిప్పితే గొంతు పెరిగే నా మీట పట్టుకుని పెంచమన్నవాళ్లే తప్ప తగ్గించమన్నవాళ్లు లేరు. ఉన్నా, నా గోలలో వాళ్ల మాట ఎవరి చెవికెక్కుతుంది?

ఆటో అతను వ్యాపారం మానుకున్నాక నన్ను రావులపాలెం గనిరాజు కొన్నాడు. ఆయనది మైకుసెట్ల షాపు. పెళ్లిళ్లకీ జాతర్లకీ మైకులు కట్టి కట్టి విసుగొచ్చి, షాపు తమ్ముడికి అప్పగించి, దూరప్రయాణాలకి పనికొచ్చే పెద్ద మోటారుసైకిలు ఒకటి కొనుక్కున్నాడు. ముందు గాలి అద్దం, రెండు పక్కలా సామాను పెట్టెలు, వెనక కూర్చునేవాళ్లకి వీపు ఆనించుకునే మెత్త. దాని మీద భార్య నాగరత్నంతో కలిసి మారేడుమిల్లి వెళ్లొచ్చాడు, అరకు వెళ్లొచ్చాడు. ఇక కన్యాకుమారి వెళ్లాలని ఆయన పట్టుదల.

అక్కడే చిక్కు వచ్చిపడింది. నాగరత్నానికి కొంతకాలంగా వినికిడి తగ్గుతోంది. ఇంట్లో ఎదురుగా కూర్చుంటే పెదాలు చూసి సర్దుకునేది. బండి మీద ఆమెకి కనపడేది మొగుడి వీపు ఒక్కటే. గనిరాజేమో దారి పొడవునా కబుర్లు చెప్పే మనిషి. అరకు ఘాట్ రోడ్డులో ఆయన చెప్పినవన్నీ గాలికే పోయాయని ఇల్లు చేరాక తెలిసింది. కన్యాకుమారి మాట ఎత్తగానే ఆమె మెల్లగా చెప్పేసింది.

"మీరొక్కరే వెళ్లి రండి. వెనకాల మూటలాగ కూర్చోడానికి నేనెందుకండీ."

గనిరాజుకి ఆ మాట గుచ్చుకుంది. ఊళ్లకి ఊళ్లే ఉలిక్కిపడేలా మైకులు కట్టినవాడు, జానెడు దూరంలో ఉన్న పెళ్లానికి వినిపించలేకపోవడమా! ఆమె రాకపోతే కన్యాకుమారీ వద్దు, బండీ వద్దు అనుకున్నాడు. ఎలాగైనా సరే వినిపించి తీరాలి. అయితే డాక్టరు ఒక మెలిక పెట్టాడు. చెవి దగ్గర పెద్ద శబ్దం చేస్తే మిగిలిన వినికిడి కూడా పోతుందట. గట్టిగా కాదు, స్పష్టంగా వినపడాలి. గనిరాజుకీ నాకూ జీవితంలో అలవాటు లేని పని అది.

బండిని షాపులో నిలబెట్టి, నేల మీద సుద్దముక్కతో పథకం గీశాడు. నన్ను కుడిపక్క పెట్టెలో స్పాంజి మీద పడుకోబెట్టి, నా మీటను మాత్రం తీగ లాగి హ్యాండిలు దగ్గర బిగించాలి. నా తీగలు ఇంజను తీగల పక్కనుంచి పోకూడదు, పోతే ఇంజను ఈల కూడా మాటలో కలుస్తుంది. బ్యాటరీ అంతా నేనే తాగేస్తే బండి స్టార్టవదు కాబట్టి నా బలం తగ్గించాలి. అలా అనుకుని నా మూత విప్పి, నాలుగు పెద్ద ట్రాన్సిస్టర్లలో రెండు పీకేశాడు. నాకు ఒళ్లు మండింది. కుక్కల్ని పరిగెత్తించినవాణ్ణి, ఇంత అవమానమా అనుకున్నాను.

హెల్మెట్‌లో చిన్న మైకు అమర్చాడు. చేతికి అలవాటైన పని కనక రెండు స్పీకర్లనీ చకచకా హ్యాండిలుకి బిగించేశాడు. భార్యను బతిమాలి ఎక్కించుకుని జొన్నాడ వంతెన మీదికి తీసుకెళ్లాడు.

"రత్నం, గోదారి చూడు, ఎలాగుందో" అన్నాడు మైకులో.

ముందు పోతున్న సైకిళ్లవాళ్లు గోదావరి చూశారు. లారీ క్లీనరు తల బయటపెట్టి మరీ చూశాడు. ఎన్నికలొచ్చాయనుకుని ఒక ముసలాయన పక్కకి తప్పుకుని దణ్ణం పెట్టాడు. అవతలి ఒడ్డున బండి ఆగేసరికి, జామకాయలమ్మే ఆవిడ వచ్చి రత్నం ఎవరని అడిగింది. నాగరత్నం దిగి, ముందుకొచ్చి, స్పీకర్ల వంక చూసింది.

"ఎవరికి చెప్తన్నారండీ? ఊరందరికీ వినపడినట్టుంది, నాకు తప్ప."

గనిరాజు కూడా అప్పుడు చూశాడు. రెండు స్పీకర్లూ రోడ్డు వైపు నోరు తెరుచుకుని ఉన్నాయి. మైకుసెట్టువాడికి జనం ఎప్పుడూ ముందే ఉంటారు. ఊరేగింపు బండికి ఎలా కడతాడో దీనికీ అలాగే కట్టాడు. వెనక కూర్చున్న మనిషి కోసం అంతవరకూ ఒక్క స్పీకరు కూడా బిగించి ఎరగడు. ఆయన ముఖం చిన్నబోయింది. నాకు నవ్వు రావలసింది, రాలేదు.

అయినా ఆయన మాత్రం వదల్లేదు. తమ్ముడు వచ్చి, ఈ వయసులో ఈ తంటాలెందుకు, వదిన్ని కారులో తీసుకెళ్లమని సలహా చెప్పాడు. గనిరాజు తల కూడా ఎత్తకుండా సుద్దగీతలు చెరిపి మళ్లీ గీశాడు. స్పీకర్లు విప్పి, చెరో పక్క ఆమె చెవులకి చేరువగా వీపు మెత్తకి బిగించాడు. ఆమె హెల్మెట్‌లో కూడా ఒక మైకు, తన ముందు తనవైపు తిరిగి ఉండేలా ఇంకో బుల్లి స్పీకరు పెట్టాడు. మైకులూ స్పీకర్లూ అంత దగ్గరగా ఉన్నాయి కదా, నేను కాస్త గొంతు పెంచితే చాలు, చెవులు చిల్లులు పడేలా కీచుమన్నాను. మెత్తగా మాట్లాడటం తప్ప నాకు దారి లేకుండా చేశాడు. ఎన్నో రోజులు తీగ తీసి తీగ పెట్టాడు. నాకూ పంతం వచ్చింది. ఈ పెద్దమనిషి మాట ఆవిడకి చేర్చకపోతే నేను ఉల్లిపాయలకి కూడా పనికిరానని తేల్చుకున్నాను.

అంతర్వేది వెళ్లే దారిలో మళ్లీ పరీక్ష. ఆయన అడిగిన మీదట ఇదే ఆఖరుసారని చెప్పి నాగరత్నం ఎక్కింది. కాలవగట్టు మీద బండి వేగం అందుకుంది, గాలి మొదలైంది.  ఊళ్లకి ఊళ్లు వినేలా మైకులు కట్టిన గనిరాజుకి ఒక్క మనిషితో ఏం చెప్పాలో తోచలేదు. ఆఖరికి భయంతో, గొంతు చించుకుని, "రత్నం, వినపడతందా?" అని అరిచాడు.

  నా రెండో మైకులోంచి ఒక గొంతు వచ్చింది. ఇన్నేళ్లలో నేను మోసిన మాటలకి ఎవరైనా బదులు చెప్పడం అదే మొదలు.

"అరవకండీ. కాస్త తగ్గించండి" అంది నాగరత్నం. ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "కన్యాకుమారి ఎప్పుడండీ?"

గనిరాజు చెయ్యి ముందుకి చాపి, పుట్టిన దగ్గర్నుంచి కుడివైపే తిరిగిన నా మీటను మెల్లగా ఎడమవైపు తిప్పాడు.