ఆరు వారాల బిగుతు చొక్కా

నేను ఒక బనియన్ను అని చెప్పుకుందామంటే బనియన్లు ఒప్పుకోవు. చొక్కాను అందామంటే నాకు కాలరూ లేదు, జేబూ లేదు. ఒంట్లో కొవ్వు తీయించుకున్నవాళ్ళని ఆరు వారాలపాటు అంటిపెట్టుకుని ఉండే బిగుతు తొడుగును. డాక్టర్లు నన్ను ప్రెషర్ వెస్ట్ అంటారు. తొడుక్కున్నవాళ్ళు ఏమంటారో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

పుట్టింది తిరుప్పూరు వైపు ఒక కార్ఖానాలో. నన్ను కుట్టినావిడ రోజంతా చెవిలో పాటలు పెట్టుకుని, మిషన్ మీంచి తల ఎత్తకుండా కుట్టింది. నా ఒంటి మీద ఉన్నన్ని కుట్లు పెళ్ళికూతురి జాకెట్టుకి కూడా ఉండవు. చంకల్లో రెండేసి వరసలు, భుజాల మీద మూడు, ముందు జిప్పు, జిప్పు లోపల కొక్కాలు. ఆ కుట్లు చూసుకుని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. నా రంగుని అట్టపెట్టె మీద 'స్కిన్ కలర్' అని అచ్చువేశారు. ఆ రంగు మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

అక్కణ్ణుంచి రాజమండ్రిలో ఒక సర్జికల్ షాపుకి వచ్చాను. చేతికర్రలకీ మోకాలి పట్టీలకీ మధ్య అలమరలో కూర్చున్నాను. నాతోపాటు నా కవల కూడా ఉంది. మమ్మల్ని ఎప్పుడూ జంటగానే అమ్ముతారు, ఒకటి ఉతికినప్పుడు ఇంకొకటి ఒంటి మీద ఉండాలి కాబట్టి. పండక్కి కొత్తబట్టలు కొన్నట్టు మమ్మల్ని ముచ్చటపడి కొన్నవాళ్ళు లేరు. మా దగ్గరికి వచ్చేవాళ్ళందరూ చీటీ పట్టుకుని, పక్కవాళ్ళకి వినబడకుండా అడుగుతారు.

అలా అడిగినవాడే వటపత్రశాయి. తణుకు దగ్గర మల్లవరంలో వేణుగోపాలస్వామి గుడి అర్చకుడు. ఇరవై తొమ్మిదేళ్ళు, నుదుట తిరునామం, ఒంటి నిండా వదులు చొక్కా. కొలత తీసుకోవడానికి షాపువాడు టేపు పట్టుకుని వస్తే రెండడుగులు వెనక్కి వేశాడు.

సంగతేమిటంటే, అతని ఛాతీ ఆడపిల్లల ఛాతీలా పెరిగింది. పదమూడో ఏట మొదలైంది. అది జబ్బు కాదు, చాలామంది మగపిల్లలకి వచ్చేదే, కొందరికి ఉండిపోతుంది. చొక్కా తొడుక్కునే ఉద్యోగమైతే ఎవరికీ తెలియకుండా గడిచిపోయేది. ఇతనిదేమో చొక్కా తొడుక్కోకూడని వృత్తి! గుళ్ళో ఎవరు ఎందుకు నవ్వినా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉత్తరీయం సర్దుకునేవాడు. నిజానికి ఆ నవ్వుల్లో సగం అతని గురించి కావు. ఆ మిగతా సగమే అతన్ని పదహారేళ్ళు తినేసింది.

అన్నిటికంటే పెద్ద గండం జ్యేష్ఠాభిషేకం. స్వామికి ఏడాది పొడవునా వెండి కవచం ఉంటుందిట. జ్యేష్ఠ పౌర్ణమినాడు ఒక్కసారే దాన్ని తీసి, ఊరందరి ఎదుటా మండపంలో అభిషేకం చేస్తారు. చేసే అర్చకుడు ఉత్తరీయం తీసి నడుముకి బిగించుకోవాలి. పెద్దతనంవల్ల తండ్రి పూజలు తనకి వదిలేసిన దగ్గర్నుంచి, ఎనిమిదేళ్ళుగా శాయి ఆ పూటకి పినతండ్రి కొడుకుని బతిమాలి ఒప్పిస్తున్నాడు. ఒక ఏడు జ్వరం, ఒక ఏడు భుజం పట్టేసింది, ఒక ఏడు ఏం చెప్పాడో అతనికే గుర్తులేదు. ఈ ఏడు ఆపరేషన్ చేయించుకుని తన చేత్తో చెయ్యాలని, అది కుదరకపోతే అర్చకత్వం మానేసి తణుకులో రైసుమిల్లు ఆఫీసులో చేరిపోవాలని లోపల్లోపల నిశ్చయించుకున్నాడు. తల్లి ఆండాళమ్మగారికి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. తండ్రి రంగాచార్యులుగారికి మాత్రం "ఛాతీలో కొవ్వు గడ్డలున్నాయిట, తీయించుకోవాలి" అని చెప్పాడు. అందులో అబద్ధం లేదు, అసలు మాటా లేదు.

ఇక్కడే తండ్రీకొడుకులు కలిసి ఒక తప్పు చేశారు. ఆపరేషన్ చేసే డాక్టర్ నస్రీన్‌గారు మొదట ఇచ్చిన రోజు ఆవిడ క్యాలెండర్లో ఉత్త శుక్రవారం. రంగాచార్యులుగారు పంచాంగం తీసి, "ఆ రోజు నీకు నైధన తార. ఒంటిమీద కత్తి పడకూడదురా" అన్నారు. తర్వాతి రోజుల్లో ఒకటి అష్టమి, ఒకటి నవమి, ఆ పైన అమావాస్య. చివరికి ఆయనకి నచ్చింది అక్షయ తృతీయ. ఆ రోజు చేసిన పని తరగదు, అంతకంతకూ పెరుగుతుందని కదా నమ్మకం! తగ్గించుకోవడానికి వెళ్ళే కొడుక్కి పెరిగే ముహూర్తం పెట్టిన భర్తని చూసి ఆండాళమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నవ్వులాట అటుంచితే, అలా ఆపరేషన్ పన్నెండు రోజులు వెనక్కి జరిగింది. ఆ గుళ్ళో అర్చకత్వం దాయాదుల మధ్య నెలనెలా వంతులమీద నడుస్తుంది. జ్యేష్ఠమాసం వీళ్ళది. డాక్టరమ్మ ఇచ్చిన రోజుకే వెళ్ళి ఉంటే, వంతు మొదలయ్యేసరికి నా ఆరు వారాలూ దాదాపు గడిచిపోయేవి. ఇప్పుడు చివరి రెండు వారాలూ వంతులోకి చొచ్చుకొచ్చాయి. ఊళ్ళో పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ ఘడియలతో సహా లెక్కలు కట్టే ఇద్దరు పండితులకి, వేళ్ళమీద నలభై రెండు రోజులు లెక్కపెట్టాలని తోచలేదు!

ఆపరేషన్ బాగానే జరిగింది. సన్నటి గొట్టంతో కొవ్వు లాగేసి, ఉసిరికాయంత గ్రంథి తీసి, రెండు కుట్లు వేశారు. అతనికి తెలివి వచ్చేసరికి నేను ఒంటిమీద ఉన్నాను. కొవ్వు పోయినచోట చర్మం కింద ఖాళీ ఏర్పడుతుంది. అక్కడ నీరు చేరకుండా, చర్మం మళ్ళీ కండకి అతుక్కునేదాకా నొక్కిపట్టడమే నా ఉద్యోగం. కష్టమైన ఉద్యోగమే. గోదావరి ఎండలు, చెమట, చంకల్లో చెమటకాయలు, ఊపిరి తీసినప్పుడల్లా నేను అడ్డం. శాయి నన్ను తిట్టాడు. నాకు కోపం రాలేదు. ఏ పసుపుపచ్చ కమిలింపు ఎప్పుడు తగ్గిందో అతనికంటే ముందు నాకే తెలిసేది.

ఆండాళమ్మగారి రుణం కూడా చెప్పుకోవాలి. సబ్బునురగలో మెల్లగా పిసికి, పిండకుండా నీళ్ళు ఓడ్చి, వీధి అరుగు మీద నీడన దండేనికి వేసేది. ఎండలో వేస్తే నా సాగుడు పోతుందని డాక్టరమ్మ చెప్పిన మాట వేదవాక్కులా పాటించింది. అరుగు మీంచి చూస్తే గుడి గోపురం దాకా వీధంతా కనిపించేది.

నాలుగు వారాలు అలా గడిచాయి. పాడ్యమి వచ్చింది, వంతు మొదలైంది. గర్భగుడి గడపని కుట్టినబట్ట దాటకూడదు. పంచె, ఉత్తరీయం అంతే. నేనేమో కుట్ల పుట్టను. నాకున్న ఒకే ఒక గొప్ప అక్కడ దోషమైపోయింది. శాయి తెల్లవారుజామున నన్ను విప్పి కొక్కేనికి తగిలించి వెళ్ళాడు, మధ్యాహ్నం వచ్చి తొడుక్కున్నాడు, సాయంత్రం మళ్ళీ విప్పాడు. నాలుగు రోజులు ఇదే వరస. అయిదోనాడు కుడివైపు ఉబ్బింది, ముట్టుకుంటే లోపల నీళ్ళు కదిలాయి.

రాజమండ్రి వెళ్ళారు. డాక్టరమ్మ సూదితో నీరు తీసి, "ఎన్ని గంటలు విప్పుతున్నారు?" అని అడిగింది.

"పూజంతసేపూనండి. ఓ తొమ్మిది గంటలు."

"నేనిచ్చింది అలంకారానికి కాదండీ శాయిగారూ. ఇలాగే నీరు చేరుతూ ఉంటే అక్కడే గట్టిపడిపోతుంది. మళ్ళీ కొయ్యాల్సి రావచ్చు. ఆరు వారాలూ నిండేదాకా, అంటే మీ పౌర్ణమిదాకా, బిగుతు తప్పకూడదు."

బస్సులో అతని గుండె నా కింద దడదడా కొట్టుకోవడం నేను విన్నాను. ఇంటికి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా తండ్రి ఎదుట నిలబడ్డాడు.

"నాన్నగారూ, ఈ వంతు బాబాయి వాళ్ళకి అప్పజెప్పేయండి. వచ్చే వంతు కూడా. నేను మిల్లు ఆఫీసులో చేరతాను. చొక్కా వేసుకునే ఉద్యోగం."

రంగాచార్యులుగారు చదువుతున్న పుస్తకం మూశారు. అరుస్తారనుకున్నాను. "చొక్కా విప్పరా" అన్నారు మెల్లగా.

శాయి చెయ్యి గుండీల దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. ఆండాళమ్మగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చాలాసేపటికి అతను చొక్కా విప్పాడు, నా కొక్కాలు తీశాడు, నన్ను గుప్పెట్లో పట్టుకుని తల వంచుకున్నాడు. సూది గుచ్చినచోట చిన్న పట్టీ ఉంది.

"ఉపనయనంనాడు చూశాను నీ ఒళ్ళు. మళ్ళీ నాకెప్పుడూ చూపించలేదు కదరా" అన్నారాయన. "నాకు తెలియదనుకున్నావా? అడిగితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను. అందరి ఉత్తరీయాలూ రెండు గజాలైతే నీవి మూడు గజాలెందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించావా? నేతగాడికి నేనే చెప్పి నేయిస్తున్నా, పదేళ్ళబట్టీ."

నన్ను పట్టుకున్న గుప్పిట బిగిసింది. అతను ఏడుస్తున్నాడు. పదహారేళ్ళుగా దాచుకున్నదాన్ని తండ్రి కూడా పదహారేళ్ళుగా దాస్తూ వచ్చాడని అప్పుడే తెలిసింది పాపం. మనుషులు ఒకరి దగ్గర ఒకరు దాచుకోవడానికి పడే శ్రమలో సగం చెప్పుకోవడానికి పడితే, నేను రాకముందే సగం బిగుతు వదిలేది.

"సరే, తెలుసు. తెలిసి ఏం చేస్తారు? కుట్టుబట్టని లోపలికి రానిస్తారా?" అంది ఆండాళమ్మగారు.

"అది కుదరదు. మార్చడానికి అది మా తాత పెట్టిన నియమం కాదు, శాస్త్రం."

"అయితే కుట్టనిదే కడదాం. బాలింతకి నడికట్టు కట్టేది ఏ దర్జీ కుట్టిన బట్టటా? వీడు పుట్టినప్పుడు మా అమ్మ నాకు కట్టింది, పాత పంచెతో. నలభై రోజులు ఊపిరాడనిచ్చిందా?"

రంగాచార్యులుగారు లేచి లోపలికి వెళ్ళి, భోషాణం తీసి, మడతపెట్టిన పొడుగాటి నూలుబట్ట తెచ్చారు. స్వామికి కట్టి తీసిన శేషవస్త్రం. అంచునుంచి అంచుదాకా ఒక్క కుట్టు లేదు.

"ఇది ఆయన కట్టి విడిచిన బట్ట. దీన్ని లోపలికి రావద్దనే శాస్త్రం నేనైతే చదవలేదు" అన్నారు.

ఆండాళమ్మగారు ముందు డాక్టరమ్మకి ఫోను చేసింది. ఆవిడ అంతా విని, నవ్వి, "అన్ని వైపులా ఒకేలా బిగించండమ్మా, ఊపిరి ఆడాలి. పూజ అవగానే వెస్ట్ తొడగాల్సిందే. రెండురోజులకోసారి వచ్చి చూపించండి" అని ఒప్పుకుంది.

మర్నాడు తెల్లవారకముందే కట్టడం మొదలైంది. బట్టని నిలువునా మడిచి, ఒక చివర శాయి ఛాతీకి ఆనించి ఆండాళమ్మగారు పట్టుకుంది. రెండో చివర గదికి ఆ చివర రంగాచార్యులుగారు బిగలాగి పట్టుకున్నారు. శాయి మెల్లగా తన చుట్టూ తాను తిరుగుతూ, బట్టని ఒంటికి చుట్టుకుంటూ తండ్రి దగ్గరికి వచ్చాడు. ఆయన చివర దోపి, "ఊపిరి తియ్యి" అన్నారు. తీశాడు. "ఇంకోసారి." ఇంకోసారి తీశాడు. కొక్కేనికి వేలాడుతూ చూస్తున్న నాకు మొదట్లో సవతిని చూసినట్టే అనిపించిందని ఒప్పుకుంటాను. రెండోరోజుకి అది పోయింది. నేను వెళ్ళలేనిచోట అది వెళ్ళింది, అది లేనప్పుడు నేనున్నాను. ఇద్దరం కలిసి అతన్ని ఒక్క గంటైనా వదల్లేదు. ఆ రోజుల్లో తండ్రీకొడుకులు మాట్లాడుకున్నన్ని మాటలు అంతకుముందు పదేళ్ళలో మాట్లాడుకుని ఉండరు. నీరు మళ్ళీ చేరలేదు.

పౌర్ణమికి ముందురోజు డాక్టరమ్మ వేళ్ళతో నొక్కి చూసి, "రేపటినుంచి మీకు బిగుతు అక్కర్లేదు" అంది. పౌర్ణమి ఉదయం ఆండాళమ్మగారు శేషవస్త్రం పట్టుకుని వస్తే, శాయి "వద్దమ్మా" అన్నాడు. మూడు గజాల ఉత్తరీయం కప్పుకుని, నీళ్ళబిందె పట్టుకుని తండ్రి వెనక బయల్దేరాడు.

నేను అరుగు మీద దండేనికి ఆరుతున్నాను. మేళం వినబడింది, మంత్రాలు వినబడ్డాయి. మండపం కనబడదు. ఉత్తరీయం తీశాడా లేదా? అంతకంటే పెద్ద ప్రశ్న ఆ రోజు నాకు లేదు. ఆండాళమ్మగారు కూడా గుడికి వెళ్ళలేదు. అరుగు మీద కూర్చుని, బియ్యం ఏరుతున్నానని చెప్పి ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరింది.

మిట్టమధ్యాహ్నం గుడి తలుపుల్లోంచి శాయి బయటికి వచ్చాడు. ఉత్తరీయం నడుముకి బిగించి ఉంది. తడిసిన పంచె, ఛాతీ మీద జంధ్యం, అంతే. వీధిలో జనం ఉన్నారు. ఒకాయన ఎదురొచ్చి "శాయిగారండీ, మా దూడకో పేరు చెప్పండి, గోపాలుడి పేరు కాకుండా" అన్నాడు. ఒకావిడ తీర్థం పట్టించుకుంది. ఇద్దరు ఆడపిల్లలు ఎందుకో నవ్వుకుంటూ పోయారు. అతని చెయ్యి భుజం దాకా లేచి, అక్కడ ఏమీ లేదని గుర్తొచ్చి, దిగిపోయింది. ఎవ్వరూ అతని ఛాతీ వంక చూడలేదు.

అరుగు ఎక్కగానే ఆండాళమ్మగారు "ఎవరన్నా ఏవన్నా అన్నారా?" అంది.

"అన్నారమ్మా. పాలు కాస్త ఎక్కువ పోశానన్నారు."

"ఇంకేవీ అన్లేదా?"

"ఇంకేవీ అన్లేదు."

ఆ మాట అంటూ అతను నవ్వాడు. కాలవ మీంచి గాలి వీస్తుంటే అక్కడే అరుగు మీద, ఏమీ కప్పుకోకుండా కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి నన్ను దండేం మీంచి తీశాడు. పెట్టెలో పెట్టేయడానికి కొక్కాలు ఒక్కొక్కటే పెట్టి, చక్కగా మడతపెట్టాడు. ఏమనుకున్నాడో, లేక అలవాటుకొద్దీ ఏమీ అనుకోలేదో, నన్ను రెండు చేతులతో ఎత్తి కళ్ళకద్దుకున్నాడు. పొద్దున్నంతా స్వామికి అభిషేకం చేసిన చేతులవి, ఇంకా పాలవాసన వస్తున్నాయి.