మాఫీ

చుక్క.

మెడ మీద చుక్క. చల్లగా, జిగటగా, తుడిచినకొద్దీ బురదై సాగే చుక్క...

పైన వాదీ ఉంది. వాదీ అంటే ఏరు. ఎప్పుడో ఓసారి ఒళ్లు విరుచుకుని, మిగతా కాలమంతా రాళ్లు కప్పుకుని పడుకునే ఒమాన్ ఏరు. దాని పడక కింద రైలు కోసం సొరంగం. సొరంగంలో గంగారాం.

పైన ఎండిన ఏరు. కింద తడిసిన మనిషి. మొదట్లో ఈ విడ్డూరానికి నవ్వుకునేవాడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు. రోత వస్తోంది.

డీజిలు కలిసిన బురదంటే రోత. అన్నం ముద్ద ఎత్తితే చేతికి అదే కంపు. అన్నిటికన్నా రోత — ఫోర్మన్ వీరబ్రహ్మం వేయించిన ఆ పూత. నీరు ఊరినచోటల్లా సిమెంటు చల్లించి, మీద టార్పాలిన్ కట్టించాడు. పుండు కడగకుండా కట్టు కట్టినట్టు. మొన్నటిదాకా చుక్క. ఇవాళ ధార.

"ఒట్టి చెమ్మప్పా," అంటాడు కడప వీరబ్రహ్మం.

చెమ్మేనట!

కొండల మీద మబ్బు పట్టింది. అక్కడ వాన పడితే ఇక్కడ ఏరు లేస్తుంది. ఏరు లేస్తే ఆ పూత ఆగదు. లోపలున్న మనుషులు మిగలరు. ఆ సంగతి గంగారాంకి తెలుసు. వీరబ్రహ్మానికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం తనిఖీ అధికారి వచ్చాడు. ఒమానీ. తెల్లటి పొడుగు అంగీ, అరబ్బీ తప్ప వేరే మాట లేదు. ఆయన ఆపమంటే పని ఆగుతుంది.

సొరంగం నోటి దగ్గర, గంగారాం, ఫోర్మన్ చూస్తుండగా, సంజీవ్ ఆయనకు ఎదురొచ్చాడు. నిర్మల్ నుంచి కొత్తగా వచ్చినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. తలొంచుకుని బయటికొస్తూ ఆయన్ని రాసుకున్నాడు. తెల్లటి బట్ట మీద బురద చార.

అధికారి ఆ చారను తడిమి చూశాడు. లోపలికి వేలు చూపించాడు.

"ఫీ మోయా?"

నీళ్లున్నాయా అని. అంతే.

సంజీవ్‌కి ప్రాణం పోయినంత పనైంది. బట్ట పాడుచేసినందుకు తిడుతున్నాడనుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"మాఫీ సార్... మాఫీ, మాఫీ."

సంజీవ్ ఊళ్లో మాఫీ అంటే క్షమించడం. అప్పు మాఫీ, తప్పు మాఫీ. ఇక్కడ మాఫీ అంటే — లేదు.

అధికారి తలూపి కారు వైపు నడిచాడు.

వీరబ్రహ్మం ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వంటే గంగారాంకి రోత. రెండు అర్థాలూ తెలుసు తనకు. తెలిసీ నిలబడ్డాడు. ఛీ... ఇదీ ఒక నోరేనా?

"ఊరకుండప్పా," ఫోర్మన్ చెవిలో గొణిగాడు. "పని నిలిస్తే కంపెనీవాడు అందర్నీ ఇంటికి తోలేస్తాడు."

సంజీవ్ దగ్గరికొచ్చాడు. "ఏమన్నడే అన్నా?"

"నీళ్లున్నయా అనడిగిండు. నువ్వు లేవన్నవ్."

"నేనెప్పుడన్న? తప్పైంది, మాఫ్ చెయ్యుమన్న గదనే!"

"గా మాటకు ఈడ లేదు అని అర్థం రా."

సంజీవ్ ముఖం పాలిపోయింది.

సైరన్ మోగింది. షిఫ్టు లోపలికి కదిలింది. గంగారాం మాత్రం కదులుతున్న కారు వైపు పరుగెత్తాడు.

"ఫీ! సార్, మోయా ఫీ!" ఉన్నాయి, నీళ్లున్నాయి అని.

కారు ఆగింది. అధికారి దిగాడు, వెనక్కి వచ్చాడు. సొరంగం నోట్లోకి ఒక అడుగు వేశాడు. బురద చూశాడు... తన చెప్పులు చూసుకున్నాడు. ముక్కు చిట్లించి ఆ అడుగు వెనక్కి తీశాడు. గంగారాంకి ఆయన్నీ చూస్తే ఏవగింపు పుట్టింది.

వీరబ్రహ్మం నవ్వుతూ కణత మీద వేలు తిప్పాడు. వీడికి పిచ్చి సార్ అన్నట్టు.

అధికారి సొరంగం నోటి దగ్గరే ఆగిపోయిన సంజీవ్ వైపు తిరిగాడు. ఈసారి నిదానంగా అడిగాడు.

"ఫీ మోయా?"

సంజీవ్ ఫోర్మన్‌ను చూశాడు. కొండల మీది మబ్బును చూశాడు. ఈసారి చేతులు జోడించలేదు. గంగారాం కళ్లలోకి చూశాడు.

"మాఫీ," అన్నాడు.

అధికారికి అది అరబ్బీ. వీరబ్రహ్మానికీ అరబ్బీయే.

తనను చూస్తూ అన్న ఆ మాట ఏ భాషలోదో గంగారాంకి తెలియలేదు.

కారు వెళ్లిపోయింది. గంగారాం ఉమ్మేద్దామనుకున్నాడు, నోట్లో తడి లేదు. సంజీవ్ తలొంచుకుని లోపలికి నడిచాడు. వెనకే గంగారాం.

టార్పాలిన్ చాటున నీళ్లు... గలగలా...