అందరూ సరే అంటేనే

మా కుట్టుమిషన్ల మెకానిక్కుల మెయిలింగ్ లిస్టుకు ఒక్క ఉత్తరం పంపితే మూడు వందల మందికి చేరుతుంది. చదివాక ఎవరి పెట్టెలోది వాళ్లం చెరిపేస్తాం. ఏ చిన్న మార్పు చెయ్యాలన్నా అందరూ "సరే" అని రాయాలి, అదీ లిస్టుకే రాయాలి. ఇది మా పద్ధతి. దీన్ని ప్రజాస్వామ్యం అనుకుని మురిసిపోతుంటాం.

లిస్టును ఉచితంగా నడిపే కంపెనీ ఈ మధ్య ఉత్తరాల నడుమ ప్రకటనలు దూర్చడం మొదలుపెట్టింది. దారం చుట్టే బాబిన్ గురించి అడిగితే కింద బట్టతలకు నూనె. మాకు ఒళ్లు మండింది. మాలో కంప్యూటర్లు తెలిసినవాడు ఒక్కడే, మా మేనత్త కొడుకు. అందరూ సర్వర్ బావ అంటారు. తన షాపు వెనకగదిలో సొంత సర్వర్ పెట్టి, పాత ఉత్తరాలతో సహా లిస్టును అక్కడికి మారుస్తానన్నాడు.

నాకు కావలసినవి ఆ పాత ఉత్తరాలే. లిస్టు పెట్టిన రోజు నుంచి చూపు మందగించేదాకా వందల కొద్దీ రాసింది మా పిన్ని. నాకు పని నేర్పింది ఆవిడే. ఏ చప్పుడుకు ఏ స్క్రూ ఎంత తిప్పాలో అడిగినవాళ్లందరికీ ఓపిగ్గా చెప్పేది. ఆవిడ పోయి రెండేళ్లయింది. చదవబోయి ప్రతిసారీ మూసేసేదాన్ని. ఎక్కడికి పోతాయిలే అని వదిలేశాను.

"ముందు పాతవి దించేసుకో బావా," అన్నాను.

"అందరూ సరే అనకుండానా? నన్ను బతకనిస్తారా?"

చర్చ రెండు నెలలు సాగింది. "సరే." "నాకూ సరే." "దేనికి సరే?" కొత్త లిస్టు పేరు మీదే నూట పది ఉత్తరాలు. ఒక పెద్దాయన "పిన్నిగారి ఉత్తరాలు మన ప్రాణం, కాపాడుకుందాం" అని ఏడుసార్లు పంపాడు, వెళ్లిందో లేదోనని. ప్రతిసారీ నలభై మంది "బాగా చెప్పారు" అన్నారు.

ఆఖరి సరే వచ్చిన మర్నాడు షాపుకి వెళ్తే బావ తలెత్తలేదు.

"ఉచిత లిస్టులో ఐదు వేల ఉత్తరాలే ఉంచుతారట. ఆపైన కొత్తది ఒకటొస్తే అన్నిటికన్నా పాతది ఒకటి పోతుందట. నోటీసు కూడా పంపారు."

"ఎవరికి?"

"అందరికీ. ప్రకటన అనుకుని చెరిపేశాం."

"మన చర్చలో ఎన్ని ఉత్తరాలు?"

"పన్నెండు వందలు."

కాపాడుకుందామన్న ప్రతి ఉత్తరమూ ఒక పాత ఉత్తరాన్ని బయటికి గెంటింది. అందులో నావే అరవై మూడు, అన్నీ త్వరగా తేల్చండని పోరుతూ రాసినవి. నా చేతులు నరుక్కోవాలనిపించింది.

మిగిలినవాటిలో మొట్టమొదటిది తెరిచాను. ఎవరో మెకానిక్ రాసింది: "పిన్నిగారూ, మీరు చెప్పినట్టే చేశాను. దారం తెగడం లేదు. మీ చెయ్యి చల్లగా ఉండాలి." ఆ తర్వాత పిన్ని ఉత్తరం ఒక్కటీ లేదు. బావ ముందే భోరుమన్నాను.

సంగతి లిస్టుకు రాస్తే పది నిమిషాల్లో ఎనభై సంతాపాలు వచ్చాయి. ఇక మీదట ఇలా జరక్కుండా ఏం చెయ్యాలో చర్చిద్దామన్నాడు పెద్దాయన. అవేవీ చదవకుండా ఆ మెకానిక్‌కు ఫోన్ చేసి, పిన్ని ఆ రోజు ఏం చెప్పిందని అడిగాను.



"గుర్తులేదమ్మా. లిస్టులో ఉంటుంది కదా అని రాసిపెట్టుకోలేదు."