తలుపు చూసి తీసుకున్న గది

వడ్రంగి మేస్త్రికి బస ఎంచే పని అప్పగిస్తే ఏం చూస్తాడు? పరుపు చూడడు, స్నానాల గది చూడడు, తలుపు చూస్తాడు. ఈ మేస్త్రీ అదే చేశాడు. పాత ఊళ్లు నాలుగు చుట్టి రావాలని పెళ్లయిన కొత్తలో భార్యాభర్తలు అనుకున్న మాట, పిల్లలూ పనులూ ఒక దారికొచ్చాక ఇప్పటికి కుదిరింది. రెండు ఊళ్లు అయ్యాయి. మూడో ఊళ్లో కోటగోడ లోపల, కారు పట్టని సందులో, మూడొందల ఏళ్ల ఇంట్లో గది తీసుకున్నాడు. ఫోనులో తలుపు మీది చెక్కడం చూసి మురిసిపోయాడే గానీ, గది ఎన్నో అంతస్తో అడగలేదు.

మూడో అంతస్తు.

గుమ్మంలో నిలబడి ఆయన భార్య మెట్ల వంక చూసింది. మెట్లా అవి! నిచ్చెనకు రాళ్లు బిగించినట్టున్నాయి. దర్జీ మిషను తొక్కి తొక్కి అరిగిన మోకాలు కిందనుంచే మొరాయించింది. నోరు విప్పుదామంటే భయం. మొదటి ఊళ్లో ఒకసారి "అబ్బా" అన్నందుకే ఆయన, "సామాను సర్దు, ఇంటికి పోదాం" అన్నాడు. ఇంటికి చేరాక మళ్లీ గడప దాటేదెవరు? నాలుగో ఊళ్లో బట్టలకు రంగులద్దేవాళ్ల వీధి ఉందట. నలభై ఏళ్లు బట్టతో బతికిన మనిషి, అది చూడకుండా ఎలా వెనక్కి పోతుంది?

పళ్లు బిగించి ఎక్కింది. తాళాలు పట్టుకుని ముందు నడుస్తున్న ఇల్లుగలావిడ వెనక్కి తిరిగింది.

"ఏంటి అక్కయ్యగారూ, ఆగిపోయారు?"

"గోడ చూస్తున్నానమ్మా. ఆ కాలంవాళ్ల పనితనమే వేరు!"

"ఆ గోడ మొన్ననే కట్టించామండీ."

మేస్త్రీ మాత్రం ప్రతి అంతస్తులోనూ ఆగి, తలుపులు తట్టి, చెక్క నిమిరి, "ఒక్క మేకు లేదు చూడు" అంటూ తీరిగ్గా మెచ్చుకుంటున్నాడు. ఆయన ఆగినంతసేపూ ఆవిడకు ప్రాణం లేచొచ్చేది. కానీ రెండో అంతస్తు దాటాక, సగం మెట్ల మీద మోకాలు ఇక నావల్ల కాదంది. ఆవిడ చతికిలబడింది.

"మోకాలేనా?" అన్నాడు.

"మోకాలే. అయితే ఏం? నేను మాత్రం ఇంటికి రాను. కావాలంటే మీరు వెళ్లండి!" అనేసింది, కళ్లనిండా నీళ్లతో.

ఆయన కోప్పడలేదు. ఒక మెట్టు కిందకి దిగి కూలబడి, చెమట తుడుచుకున్నాడు.

"ఇన్ని తలుపులు ఎందుకు తట్టాననుకున్నావు?"

"చెక్క బాగుందన్నారుగా."

"చెక్క బాగానే ఉంది. నాకే ఊపిరి ఆడటం లేదు. మెట్లెక్కితే ఆయాసం."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "మరి మొదటి ఊళ్లో నా మోకాలు చూసే కదా ఇంటికి పోదామన్నారు?"

"నా ఆయాసం సంగతి చెప్పలేక, నీ మోకాలి మీదకు నెట్టా."

"ఓరి దేవుడా! ఇన్నాళ్లూ నా మోకాల్ని దొంగని చేశారా?" అని వీపు మీద ఒక్కటేసింది. నవ్వు ఆగలేదు ఇద్దరికీ. నవ్వితే ఆయనకు ఇంకా ఆయాసం. "ఇంటికెళ్లగానే ముందు డాక్టరు దగ్గరికి. తప్పించుకున్నారో చూడండి!" అంది ఆవిడ.

పైనుంచి ఇల్లుగలావిడ తొంగి చూసింది. "లోపలికొస్తారా, మంచాలు మెట్ల మీదే వేయించమంటారా? కింద సామాన్ల గది ఒకటుంది. గంటలో ఖాళీ చేయిస్తాను. తలుపు మాత్రం రేకుది."

"రేకుదా!" అని మేస్త్రీ మొహం చిట్లించాడు.

"మాకు అదే చాలమ్మా," అంది ఆయన భార్య.

సాయంత్రం, కింద గదిలో, ఆవిడ ఆయన చేతిలోంచి ఫోను లాక్కుని నాలుగో ఊరి బసకు కలిపింది. "నాయనా, మెట్లెన్ని? రెండేనా? ఎత్తెంత? టేపు పెట్టి చూసి చెప్పు, ఆగుతాను... సరే. రంగులద్దే వీధి దాకా నడవాలంటే దారిలో కూర్చోవడానికేమైనా ఉందా?"

అవతలివాడు ఏదో చెబుతుంటే విని, ఫోను చేత్తో మూసి భర్త వైపు తిరిగింది.

"మూడు చోట్ల బల్లలున్నాయట."

"మూడైతే చాలు. ఎల్లుండి పొద్దున బస్సుకే పోదాం," అన్నాడాయన.